ముక్కు దాకా రాని చట్టం

1918 అక్టోబరు చివరి వారం. శాన్‌ఫ్రాన్సిస్కో నడిబొడ్డున, పావెల్ వీధి మార్కెట్ వీధిలో కలిసే చోట, ఒక మందుల దుకాణం ముందు జనం గుమిగూడారు. గుర్రాలకు నాడాలు కొట్టే పనివాడొకడు మాస్కు లేకుండా నిలబడి, ఇదంతా బూటకం, మీరూ తీసి పారెయ్యండి అని చుట్టుపక్కల వాళ్ళకు చెబుతున్నాడు. అటుగా వచ్చిన ఆరోగ్య శాఖ తనిఖీదారు అతన్ని దుకాణం దగ్గరికి లాక్కుపోయి మాస్కు పెట్టించబోయాడు. మాటా మాటా పెరిగి కొట్లాటైంది. తనిఖీదారు రివాల్వరు తీసి కాల్చాడు. నాడాల పనివాడితో పాటు దారిన పోయే మరో ఇద్దరు గాయపడ్డారు. ఆసుపత్రిలో చేర్చాక కూడా అతన్ని వదల్లేదు. మాస్కు చట్టం ఉల్లంఘించినందుకు కేసు పెట్టారు.

ఆ చట్టానికి అప్పటికి వారం వయసు కూడా లేదు. స్పానిష్ ఫ్లూ ఊరిని కమ్మేసిన రోజులవి. నగర ఆరోగ్యాధికారి విలియం హాస్లర్ మాస్కును గట్టిగా నమ్మాడు. ఆయన మాట మీద నగర పాలకమండలి అక్టోబరు 24న తీర్మానం చేసింది, మేయర్ జేమ్స్ రోల్ఫ్ సంతకం పెట్టాడు. ఇల్లు దాటి బయటికొచ్చిన ప్రతి ఒక్కరూ ముక్కూ నోరూ కప్పుకోవాలి. తినేటప్పుడు తప్ప తియ్యకూడదు. గుడ్డ నాలుగు పొరల సన్నని గాజుగుడ్డ అయి ఉండాలి. తప్పితే 5 నుంచి 100 డాలర్ల జరిమానా, లేదా పది రోజుల దాకా జైలు, లేదా రెండూ. మాస్కు నూటికి 99 పాళ్ళు ఫ్లూను ఆపుతుందని రెడ్‌క్రాస్ పత్రికల్లో ప్రకటనలు వేసింది. మొదటి ప్రపంచయుద్ధం ఇంకా ముగియలేదు. మాస్కు పెట్టుకోనివాడు యుద్ధానికి ఎగనామం పెట్టినవాడితో సమానం అన్నట్టుగా ప్రచారం సాగింది.

అక్టోబరు 27న ఒక్కరోజే 110 మందిని పట్టుకున్నారు. మాస్కు లేనివాళ్ళతో పాటు, ఉండీ గడ్డం కిందికి దించుకున్నవాళ్ళు కూడా అందులో ఉన్నారు. నేరం పేరు శాంతిభంగం. ఎక్కువమందికి 5 డాలర్ల జరిమానాతో సరిపోయింది. కొన్నాళ్ళకు ఒక బాక్సింగ్ పోటీలో తీసిన ఫొటో బయటపడింది. అందులో మాస్కు లేకుండా కూర్చున్న ప్రేక్షకుల్లో మేయరు ఉన్నాడు, చట్టానికి మూలపురుషుడైన హాస్లరూ ఉన్నాడు. మేయరు 50 డాలర్లు, హాస్లర్ 5 డాలర్లు కట్టారు. డబ్బు కట్టడం మంచిదే. కానీ ఆ ఫొటో చూసిన మామూలు మనిషి ఏమనుకుని ఉంటాడో ఆలోచించండి. జబ్బుకు భయపడాల్సిన అవసరం నిజంగా ఉంటే, అందరికంటే ఎక్కువ తెలిసినవాడు అక్కడ అలా కూర్చునేవాడు కాదు కదా!

నవంబరు 21 మధ్యాహ్నం 12 గంటలకు ఊరంతా సైరన్లు మోగాయి. కేసులు తగ్గాయి, మాస్కు తియ్యొచ్చని సంకేతం. జనం గుడ్డలు పీకి వీధుల్లోకి విసిరేశారు. డిసెంబరులో ఫ్లూ తిరిగొచ్చింది. 1919 జనవరి 17 నుంచి మళ్ళీ మాస్కు చట్టం అమల్లోకి తెచ్చారు. ఈసారి ఊరు ఊరుకోలేదు. యాంటీ మాస్క్ లీగ్ అని ఒక సంఘం పుట్టింది. జనవరి 25న డ్రీమ్‌లాండ్ రింక్ అనే హాల్లో అది పెట్టిన సభకు వేలమంది వచ్చారు. ఫిబ్రవరి 1న చట్టాన్ని ఎత్తేశారు.

ఆ లీగు వాళ్ళను మూర్ఖులని కొట్టిపారెయ్యడం తేలిక. నేను అలా అనలేను. మాస్కు పనిచేస్తుందనడానికి రుజువేదని వాళ్ళు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు అప్పుడు ఎవరి దగ్గరా లేదు. నవంబరులో ఫ్లూ తగ్గడానికి మాస్కే కారణమని హాస్లర్ నిజంగానే నమ్మాడు. కానీ మాస్కు చట్టమే లేని ఊళ్ళలోనూ ఫ్లూ అలాగే పెరిగింది, అలాగే తగ్గింది. ఒకటి జరిగాక ఇంకొకటి జరిగింది కాబట్టి మొదటిదే రెండోదానికి కారణమనుకోవడం మనిషి బుద్ధికి సహజం. పైగా శాన్‌ఫ్రాన్సిస్కో అంత హంగామా చేసి కూడా, ఫ్లూ చావుల్లో అమెరికా పడమటి నగరాల మధ్య బాగా దెబ్బతిన్నవాటిలో ఒకటిగా మిగిలింది.

ఈ ముడి విప్పాలని చూసినవాడు కాలిఫోర్నియా రాష్ట్ర ఆరోగ్య శాఖ డాక్టర్ విల్‌ఫ్రెడ్ కెల్లాగ్. ఆయన రెండు పనులు చేశాడు. మాస్కు నియమాన్ని గట్టిగా అమలుచేసిన స్టాక్‌టన్ నగరం చావుల లెక్కను, నియమమే లేని బోస్టన్ లెక్కతో పక్కపక్కన పెట్టి చూశాడు. రెండు గీతలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. తర్వాత ప్రయోగశాలలో గాజుగుడ్డ పొరల మీదికి బాక్టీరియా ఉన్న తుంపరలు చల్లి, అవతల ఎన్ని తేలాయో లెక్కపెట్టాడు. పొరలు పెంచుతూ పోతే గుడ్డ బాగానే ఆపుతోంది. కానీ అన్ని పొరలు పెట్టుకుంటే మనిషికి ఊపిరాడదు, గాలి గుడ్డలోంచి పోవడం మాని అంచుల్లోంచి పోతుంది. ఊపిరాడేటన్ని పొరలు పెడితే గుడ్డ ఆపాల్సినంత ఆపదు. కాబట్టి ఈ మాస్కును జనం మీద బలవంతంగా రుద్దడానికి తగిన ఆధారం లేదని 1920లో ఆయన తేల్చాడు.

నాకు కెల్లాగ్ మీద గొప్ప గౌరవం. చట్టం అయిపోయింది, జబ్బు పోయింది, ఇంక ఎందుకులే అనుకోకుండా తన శాఖ చేసిన పనినే పరీక్షకు పెట్టాడు. అంతకన్నా ముఖ్యం, సరైన ప్రశ్న అడిగాడు. ‘మాస్కు పనిచేస్తుందా?’ అన్నది సగం ప్రశ్నే. ఏ గుడ్డ, ఎన్ని పొరలు, గాలి ఎటునుంచి పోతోంది అన్నదే పూర్తి ప్రశ్న. ఫ్లూకు కారణం వైరస్ అన్న సంగతి 1918లో ఎవరికీ తెలియదు. ఒక బాక్టీరియాను దోషిగా అనుకునేవారు. మనిషిలో ఫ్లూ వైరస్‌ను వేరుచేసింది 1933లో. అంటే శాన్‌ఫ్రాన్సిస్కో పోలీసులు తుపాకులు పట్టుకు తిరిగింది, తమకు ముఖం కూడా తెలియని శత్రువు కోసం.

వందేళ్ళ తర్వాత కరోనా రోజుల్లో మాస్కు మళ్ళీ మన ముఖాల మీదికి వచ్చింది. ఇక గుడ్డలో అసలు జరిగేదేమిటో చూద్దాం.

కరోనా వైరస్ అడ్డుకొలత సుమారు 0.1 మైక్రాన్. మిల్లీమీటరును పదివేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. నేత గుడ్డలో దారానికీ దారానికీ మధ్య సందు దానికన్నా వందల రెట్లు పెద్దది. అందుకే, ఇంత పెద్ద కన్నాల్లోంచి అంత చిన్న పురుగు పోదా అని చాలామంది అడిగారు. మాస్కును జల్లెడలా ఊహించుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. జల్లెడ తన కన్నం కన్నా పెద్దదాన్నే ఆపుతుంది. మాస్కు పని తీరు వేరు. వైరస్ ఒంటరిగా ఎగరదు. మనం మాట్లాడినా, దగ్గినా, ఊరికే ఊపిరి వదిలినా బయటికొచ్చే తడి తుంపరల్లో కూర్చుని వస్తుంది. ఆ తుంపరల సైజు మైక్రానులో కొంత భాగం నుంచి వందల మైక్రాన్ల దాకా ఉంటుంది. పెద్ద తుంపర బరువుగా నేరుగా పోతుంది. గాలి దారం చుట్టూ వంపు తిరిగినా అది తిరగలేక దారానికి కొట్టుకుని అక్కడే అంటుకుంటుంది. బాగా చిన్నది గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ చెదురుతూ, తిరిగి తిరిగి ఏదో ఒక పోగుకు తగులుతుంది. ఈ రెంటికీ మధ్య, సుమారు 0.3 మైక్రాన్ల దగ్గర ఉన్నవి అన్నిటికన్నా మొండివి. అంత బరువూ లేదు, అంత చంచలమూ కాదు. ఎన్95 అనే పేరులోని 95 ఈ మొండి సైజు రేణువుల మీద పెట్టిన పరీక్షదే: నూటికి కనీసం 95 ఆగాలి.

ఆపేది దేనితో? దీనికి గాజుగుడ్డ చాలదు. సర్జికల్ మాస్కును కత్తిరించి చూడండి. మూడు పొరలు విడిపోతాయి. పైదీ కిందిదీ మామూలువే. మధ్యలో ఉన్న తెల్లటి మెత్తని పొరే అసలు సరుకు. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌ను కరిగించి వేడిగాలితో ఊదితే తలవెంట్రుకకన్నా ఎన్నో రెట్లు సన్నని పోగులు చిందరవందరగా పడి ఆ పొర తయారవుతుంది. దానికి స్థిర విద్యుదావేశం ఎక్కిస్తారు. అప్పుడు పోగులు దగ్గరికొచ్చిన రేణువును తమంత తామే లాక్కుంటాయి. కెల్లాగ్‌ను పీడించిన చిక్కుకు జవాబు ఇదే. పొరలు పెంచకుండా, ఊపిరికి అడ్డం పడకుండా, వడపోత పెరిగింది. ఈ ఆవేశం ఎక్కించే పద్ధతిని మెరుగుపరిచినవారిలో తైవాన్‌లో పుట్టి అమెరికాలోని టెనెస్సీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన పీటర్ సాయ్ పేరు చెప్పుకోవాలి.

అయితే ఎంత మంచి పొరైనా గాలి దానిగుండా పోతేనే కదా. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మాస్కు కట్టుకుని ఊపిరి వదిలితే అద్దాలు మసకబారుతాయి. ముక్కు దూలానికి రెండు పక్కలా ఉన్న సందులోంచి వెచ్చని తడిగాలి పైకి తన్నుకొస్తోందని దాని అర్థం. వచ్చే గాలి పోయే గాలి ఎప్పుడూ అడ్డం తక్కువున్న దారినే వెతుక్కుంటుంది. ముక్కు మీద తీగ సరిగా నొక్కని ఎన్95 కూడా ఆ సందు దగ్గర ఏమీ చెయ్యలేదు. కవాటం ఉన్న ఎన్95 సంగతి ఇంకా అన్యాయం. లోపలికి పీల్చే గాలిని వడకట్టి, బయటికి వదిలేదాన్ని నేరుగా ఎదుటివాడి మీదికి పంపుతుంది. 2020 జూలైలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ ఇదే చెబుతూ, అవి వాడొద్దని రాష్ట్రాలకు లేఖ రాశారు. అప్పటికి మన ఊళ్ళలో చాలామంది అది ఖరీదైనది కాబట్టి మంచిదనుకుని అదే కొన్నారు. తనిఖీ చేసే పోలీసుకు అది నూటికి నూరు పాళ్ళు చట్టబద్ధమైన మాస్కు.

గదిలోని గాలి విషయం కూడా ఇంతే, తనిఖీకి అది కనబడదు. 2020 మార్చి 10న అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని స్కాజిట్ లోయలో ఒక పాటల బృందం మూసిన హాల్లో రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చినవాళ్ళు 61 మంది. వాళ్ళలో ఒకరికి జలుబు లక్షణాలున్నాయి. తర్వాత 53 మందికి కరోనా సోకినట్టు తేలింది లేదా గట్టి అనుమానం కలిగింది. ఇద్దరు చనిపోయారు. మాట్లాడితేనూ పాడితేనూ వెలువడే సన్న తుంపరలు గది గాలిలో గంటల తరబడి తేలుతూ ఉండిపోతాయని ఈ ఘటన లోకానికి కళ్ళకు కట్టింది. ఆరుబయట గాలి వాటిని చెదరగొట్టేస్తుంది. తర్వాత వచ్చిన అధ్యయనాలను కలిపి చూస్తే, బయట అంటుకున్నవి పదో వంతుకన్నా తక్కువ. కానీ కరోనా గాలి ద్వారా వ్యాపించదని 2020 మార్చి చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ అడ్డంగా చెప్పేసింది. జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు కలిసి బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. సామాన్య జనం మాస్కు పెట్టుకోవాలని ఆ సంస్థ సలహా ఇచ్చింది 2020 జూన్ 5న మాత్రమే. అంతకుముందు ఫిబ్రవరి చివర అమెరికా సర్జన్ జనరల్ మాస్కులు కొనడం ఆపండని జనానికి చెప్పి ఉన్నాడు. వైద్యసిబ్బందికి చాలవన్న భయం నిజమే. ఆ భయాన్ని ఉన్నదున్నట్టు చెప్పకుండా, మాస్కు మీకు పనికిరాదని చెప్పడం పెద్ద పొరపాటు. ఆ పొరపాటు ఖరీదు తర్వాత రెండేళ్ళూ కట్టాం.

మన దేశం ఈ విషయంలో చురుగ్గానే కదిలింది. 2020 ఏప్రిల్ మొదటి వారంలోనే ఇంట్లో కుట్టుకున్న మాస్కులు వాడమని కేంద్రం సలహా ఇచ్చింది. ఏప్రిల్ 8న ముంబయి, ఢిల్లీ తప్పనిసరి చేశాయి. ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ దేశమంతటా బహిరంగ ప్రదేశాల్లో, పనిచేసే చోట్ల ముఖం కప్పుకోవాలని ఆదేశించింది. దాని వెనక ఉన్న చట్టాలు రెండు. ఒకటి 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం. రెండోది 1897 నాటి అంటువ్యాధుల చట్టం. ఈ రెండోది బొంబాయి ప్లేగు రోజుల్లో తెల్లవాళ్ళు రాసింది. నాలుగు సెక్షన్ల చట్టం. అధికారి ఏం అవసరమనుకుంటే అది చెయ్యొచ్చు, కాదన్నవాడికి శిక్ష, సద్బుద్ధితో చేసిన అధికారి మీద కేసు ఉండదు. పుణేలో ఆ ప్లేగు సోదాలు ఎంత దౌర్జన్యంగా సాగాయంటే, ప్లేగు కమిషనర్ రాండ్‌ను 1897 జూన్ 22న చాపేకర్ సోదరులు కాల్చారు, ఆ గాయాలతోనే అతను చనిపోయాడు. రోగిని అనుమానితుడిగా చూడడం ఆ చట్టం నరనరాన ఉంది. అదే మన చేతికి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో మనిషికి మూడు చొప్పున 16 కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని నిర్ణయించింది. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు ఇళ్ళలో కుట్టుమిషన్ల మీద కూర్చుని వాటిని కుట్టారు. పని పోయిన ఇళ్ళకు నాలుగు డబ్బులొచ్చాయి. నియమం పెట్టేముందు సరుకు ఇవ్వాలన్న ఈ ఆలోచన సరైనది. నా దృష్టిలో ఆ ఏడాది జరిగిన మంచి పనుల్లో ఇదొకటి. కానీ మరో పక్క చూస్తే, నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలో మత్తు వైద్యుడొకాయన డాక్టర్లకు ఎన్95లు చాలడంలేదని అదే నెలలో బహిరంగంగా అన్నందుకు సస్పెండయ్యాడు. మాస్కు వేసుకోని పౌరుడికి జరిమానా వేసే వ్యవస్థ, మాస్కు కావాలని అడిగిన వైద్యుణ్ణి అలా చూడాల్సింది కాదు.

తెలంగాణలో అప్పట్లో జరిమానా వెయ్యి రూపాయలుండేది. ఆంధ్రలో చాలాకాలం వంద. ముంబయిలో రెండొందలు. ఢిల్లీలో ఐదొందలుండేది, 2020 నవంబరులో రెండు వేలయింది. కూలి పనికి పోయే మనిషికి వెయ్యి రూపాయలంటే రెండు మూడు రోజుల తిండి. అదే వెయ్యి పెట్టి మందుల షాపులో ఎన్ని మాస్కులు కొనొచ్చో లెక్కేసుకోండి. చలానా రాసే చోట ఆ మనిషి చేతికి ఒక మంచి మాస్కు పెట్టి పంపమని జీవోల్లో ఒక వాక్యం ఉండి ఉంటే ఎంత బాగుండేది! హైదరాబాదులో ట్రాఫిక్ కెమెరాలకు కృత్రిమ మేధ జోడించి మాస్కు లేని ముఖాలను పట్టే ఏర్పాటు 2020 మేలోనే మొదలైంది. కెమెరా ఉండేది ఎక్కడ? నాలుగు రోడ్ల కూడలిలో, ఆరుబయట, గాలి ఆడే చోట. బండి మీద ఒంటరిగా పోయే మనిషి దానికి దొరుకుతాడు. తలుపులు మూసి ఏసీ వేసుకుని పదిమంది కూర్చున్న ఆఫీసు గది, పెళ్ళి హాలు, సినిమా హాలు దానికి కనబడవు. వైరస్‌కు మాత్రం అవే కావాలి.

ఈ తేడాయే ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది. పోలీసుకు కనిపించేది ముఖం మీద గుడ్డ ఉందా లేదా అన్న ఒక్కటే. ఏ గుడ్డ, సందులున్నాయా, ఏ గదిలో, ఎంతసేపు అన్నవి అతనికి కనిపించవు. కనిపించినదాన్నే చట్టం లెక్కపెట్టింది, లెక్కపెట్టినదాన్నే జనం చేశారు. గడ్డం కింద మాస్కు, బైకు హ్యాండిలుకు మాస్కు, పోలీసు కనబడగానే పైకి లాగి దాటగానే కిందికి వదిలే జేబురుమాలు మనమంతా చూశాం. ఆ జనాన్ని నిర్లక్ష్యపరులని తిట్టిపోశాం. వాళ్ళు జబ్బును తప్పించుకోవడం నేర్చుకోలేదు, చలానాను తప్పించుకోవడం నేర్చుకున్నారు. మనం నేర్పింది అదే.

న్యాయస్థానాలూ ఈ గందరగోళంలో పడ్డాయి. కారులో ఒక్కడే పోతున్నా మాస్కు ఉండాల్సిందే, కారు కూడా బహిరంగ ప్రదేశమే అని ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2021 ఏప్రిల్ 7న తీర్పిచ్చింది. 2022 ఫిబ్రవరిలో అదే కోర్టులో ఇద్దరు న్యాయమూర్తుల బెంచి, ఒంటరిగా కారులో మాస్కేమిటి, ఈ ఆదేశం ఇంకా ఎందుకుందని ప్రభుత్వాన్ని నిలదీశాక దాన్ని ఎత్తేశారు. గుజరాత్ హైకోర్టు 2020 డిసెంబరులో మాస్కు లేనివాళ్ళచేత కొవిడ్ కేంద్రాల్లో సేవ చేయించాలంది. జబ్బున్న చోటికే పంపడం! మర్నాడే సుప్రీంకోర్టు ఆపేసింది.

2020 జూలైలో చీరాలలో జరిగినది తలచుకుంటే ఇప్పటికీ మనసు వికలమవుతుంది. మోటారుసైకిలు మీద వెళుతున్న ఇద్దరు కుర్రాళ్ళను మాస్కు లేదని పోలీసులు ఆపారు. వాళ్ళలో ఒక దళిత యువకుడు తలకు దెబ్బ తగిలి కొద్దిరోజులకు గుంటూరు ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు కొట్టిన దెబ్బలకే పోయాడని కుటుంబం అంది. జీపులోంచి దూకాడని పోలీసులన్నారు. ప్రభుత్వం విచారణకు ఆదేశించి, కుటుంబానికి పది లక్షలు ప్రకటించింది. ఏ కథనం నిజమైనా, ముఖానికి గుడ్డ లేనందుకు మొదలైన వ్యవహారం ఒక ఇంటి కుర్రాడి ప్రాణంతో ముగిసింది. దానికి ముందు నెలలోనే నెల్లూరులో ఒక ప్రభుత్వ పర్యాటక హోటల్లో, మాస్కు పెట్టుకోండి సార్ అని అడిగిన వికలాంగురాలైన ఉద్యోగినిని పైఅధికారి జుట్టు పట్టి లాగి కొట్టాడు. సీసీటీవీలో దేశమంతా చూసింది. ఆ అధికారిని అరెస్టు చేశారు. రెండు ఘటనల్నీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. నియమం ఒకటే అయినా, దాని బరువు కింద ఉన్నవాడి మీద పడింది. 

మరి మాస్కు పనిచేస్తుందా? కెల్లాగ్ అడిగినట్టు అడిగితే జవాబులు దొరుకుతున్నాయి.

జర్మనీలో యేనా నగరం మిగతా ఊళ్ళకన్నా ముందే, 2020 ఏప్రిల్ 6న, మాస్కు తప్పనిసరి చేసింది. యేనాలాంటి ఇతర ఊళ్ళతో పోల్చి, ఇలా ముందుగా మొదలుపెట్టిన ప్రాంతాల్లో కొత్త కేసులు బాగా తగ్గాయని ఆర్థికవేత్తలు అంచనా కట్టారు. డెన్మార్క్‌లో దాదాపు 6,000 మందితో మరో ప్రయోగం చేశారు. సగం మందిని మాస్కు పెట్టుకోమన్నారు. వాళ్ళలో 1.8 శాతానికి, మిగతావాళ్ళలో 2.1 శాతానికి జబ్బు సోకింది. ఆ తేడా కాకతాళీయం కూడా కావచ్చు. అయితే చుట్టూ ఎవరూ మాస్కు పెట్టుకోని ఊళ్ళో, పెట్టుకున్నవాడికి ఎంత రక్షణ అన్నదే అక్కడ కొలిచింది. అతని వల్ల ఇతరులకు కలిగే రక్షణ ఆ లెక్కలో లేదు. లక్షణాలు బయటపడక ముందే అంటించే జబ్బుకు ఆ రెండోదే కీలకం.

నన్ను బాగా ఒప్పించింది బంగ్లాదేశ్ ప్రయోగం. 2020 నవంబరు నుంచి 2021 ఏప్రిల్ దాకా, 600 గ్రామాల్లో, దాదాపు 3,42,000 మంది పెద్దవాళ్ళతో చేశారు. సగం ఊళ్ళను వాటి మానాన వదిలేశారు. మిగతా ఊళ్ళలో కొన్నిటికి గుడ్డ మాస్కులు, ఎక్కువ ఊళ్ళకు సర్జికల్ మాస్కులు ఇంటింటికీ ఉచితంగా ఇచ్చారు. ఎందుకు పెట్టుకోవాలో చెప్పారు. ఊరి పెద్దలు, మసీదుల్లో ఇమాములు ముందు తాము పెట్టుకుని, పెట్టుకోమని చెప్పారు. అన్నిటికన్నా ముఖ్యమైనది తర్వాతి పని. బజారులోనూ దారిలోనూ మాస్కు లేనివాళ్ళు కనిపిస్తే కార్యకర్త దగ్గరికెళ్ళి మర్యాదగా అడుగుతాడు. లేదంటే చేతికి ఒకటిచ్చి, కట్టుకునేదాకా నిలబడతాడు. లాఠీ లేదు, రసీదు పుస్తకం లేదు.

ఆ ఊళ్ళలో మాస్కు పెట్టుకునేవాళ్ళు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. ఎవరూ దగ్గరికెళ్ళి అడగని చోట, ఉత్తినే మాస్కులు పంచినప్పుడు అంత పెరుగుదల రాలేదు. ఫోన్లకు సందేశాలు పంపడం, ఊరి పెద్దకు బహుమతి ఆశ చూపడం లాంటివి అదనంగా ఏమీ చెయ్యలేదు. లక్షణాలతో వచ్చి, రక్తపరీక్షలో తేలిన కరోనా ఈ ఊళ్ళలో సుమారు 9 శాతం తగ్గింది. సర్జికల్ మాస్కులు ఇచ్చిన ఊళ్ళలో 11 శాతం, వాటిలోనే 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 35 శాతం. పదిమందిలో అదనంగా ముగ్గురు పెట్టుకుంటేనే ఇంత ఫలితమని గుర్తుంచుకోవాలి. గుడ్డ మాస్కుల ఊళ్ళలో ఫలితం స్పష్టంగా తేలలేదు. కారణం వాళ్ళ ప్రయోగశాల కొలతల్లో ఉంది. సర్జికల్ మాస్కు నూటికి 95 రేణువుల్ని ఆపితే, గుడ్డది 37 మాత్రమే ఆపింది. సర్జికల్ మాస్కును సబ్బుతో పదిసార్లు ఉతికాక కూడా 76 ఆపింది. ఒకసారి వాడి పారెయ్యాల్సినదని మనం అనుకున్నది, ఉతికి ఆరేసుకుంటే గుడ్డకు రెట్టింపు పనిచేస్తోంది.

ఈ కొలతలు చూస్తే మన 16 కోట్ల మాస్కుల సంగతి గుర్తొస్తుంది. మనసు మంచిదే, యంత్రాంగం ఉంది, ఇంటింటికీ చేర్చాలన్న సంకల్పం ఉంది. 2020 ఏప్రిల్‌లో పాలీప్రొపిలీన్ పొర దొరకడమే గగనం కాబట్టి గుడ్డ ఇచ్చారనుకుందాం. 2021 ఏప్రిల్‌లో కరోనా డెల్టా రకం ఊళ్ళమీద పడేనాటికి ఆ పొర దేశంలో పుష్కలంగా తయారవుతోంది. అప్పటికి మళ్ళీ కుట్టుమిషన్ల మీద కూర్చోగల ఆడవాళ్ళూ ఉన్నారు, ఇళ్ళు తట్టే ఆశా కార్యకర్తలూ ఉన్నారు. బజారు కూడలిలో నిలబెట్టిన కానిస్టేబుల్ చేతికి రసీదు పుస్తకం బదులు వంద మాస్కుల పెట్టె ఇస్తే, బంగ్లాదేశ్ పల్లెల్లో కార్యకర్త చేసిన పనే ఒంగోలులోనూ వరంగల్లులోనూ జరిగేది. ఆ కానిస్టేబుల్ కూడా మన ఊరివాడే. రోజంతా ఎండలో నిలబడి పదిమంది చేత తిట్లు తినే బాధ అతనికీ తప్పేది.

బంగ్లాదేశ్ పరిశోధకులు తర్వాత కూడా ఆ ఊళ్ళకు వెళ్ళి చూశారు. కార్యకర్తలు తిరగడం ఆపేశాక కొన్ని వారాలు అలవాటు నిలబడింది. ఐదు నెలలకు చాలావరకు సడలింది. అయినా ఆ ఊళ్ళలో మాస్కు పెట్టుకునేవాళ్ళు, ఎవరూ పోని ఊళ్ళకన్నా పది శాతం మేర ఎక్కువగానే ఉన్నారు. మళ్ళీ ఒక మహమ్మారి వస్తే ప్రభుత్వాలు లెక్కలో పెట్టుకోవాల్సిన ఖర్చు ఈ సడలింపుదే. ఒకసారి పంచి వదిలేస్తే చాలదు. జబ్బు ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ, మాస్కులు పట్టుకుని మర్యాదగా అడిగే మనుషులు ఆ బజార్లలోనే తిరుగుతూ ఉండాలి. వాళ్ళకు జీతం కావాలి. మొదటి రోజు రాసే జీవోలోనే దాని పద్దు ఉండాలి.